డాలస్ మనకు పడమర కాదు, ఉత్తరం

తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఈ మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ బాగా తిరుగుతోంది. రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో చూశాను. పైన "మోసపోకండి, అందరికీ పంపండి" అని ఉంటుంది. కింద ఉన్న విషయం క్లుప్తంగా ఇది:

"ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి తిరుపతి నుంచి డాలస్‌కు గీత గీయండి. సూటిగా అట్లాంటిక్ దాటి పోతుంది. విమానాలు మాత్రం గ్రీన్‌లాండ్ దాకా ఎక్కి వంకర దారిలో తిప్పుతాయి. కిలోమీటర్లు పెంచి టికెట్ రేటు పెంచడానికే ఇదంతా. 15 వేల కిలోమీటర్లను 900తో భాగిస్తే 17 గంటలు కూడా రాదు, మరి 24 గంటలు ఎందుకు పట్టాలి? భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు వెళ్తుంటే అమెరికా మనకు ఎదురొస్తుంది. అందుకే టికెట్‌లో వెళ్లేటప్పుడు 12 గంటలు, వచ్చేటప్పుడు 33 గంటలు ఉంటుంది. ఉత్తర ధ్రువం దగ్గర అయస్కాంతం విమానాన్ని లాగేస్తుంది కాబట్టి అటు ఎవరూ వెళ్లరు. ఏజెంటును నిలదీయండి. మధ్యలో ఆపని టికెట్ అడగండి, ఆపినా గంటలో విమానం మారిపోయే టికెట్ అడగండి."

ఇందులో నిజాలు లేకపోలేదు. భూమి పడమర నుంచి తూర్పుకే తిరుగుతుంది. విమానం వేగం కూడా గంటకు సుమారు 900 కిలోమీటర్లే. అందరికీ తెలిసిన ఆ నిజాల పక్కన కూర్చోబెట్టడం వల్లే మిగతా అబద్ధాలు కూడా నిజాల్లా చెల్లుబాటవుతున్నాయి. ఏళ్ల తరబడి పిల్లలకు అట్లాసు చూపించి భూగోళం చెప్పినవాణ్ణి కాబట్టి దీన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యడం నాకు చేతకావడం లేదు. ఈ మెసేజ్ నమ్మి టికెట్లు కొనేది కుర్రవాళ్లు కాదు. కూతురి పురుడుకో, మనవడి పుట్టినరోజుకో మొదటిసారి సముద్రాలు దాటి వెళ్లే అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు. తప్పు లెక్క ఖరీదు వాళ్ల ఒంటి మీద పడుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"మ్యాప్ మీద గీత గీయండి, సూటిగా పోతుంది."

గీయండి. ఆ గీత పొడవెంతో కూడా చూద్దాం. గోడకు తగిలించే మామూలు పటం మీద, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుంచి డాలస్‌కు స్కేలు పెట్టి గీస్తే, ఆ గీత అరేబియా సముద్రం, యెమెన్, సూడాన్, సహారా ఎడారి దాటి, అట్లాంటిక్ మహాసముద్రం మొత్తం దాటి ఫ్లోరిడా, జార్జియా సరిహద్దుల దగ్గర అమెరికాలోకి వస్తుంది. నిజంగా ఆ గీత వెంబడే విమానాన్ని నడిపితే సుమారు 18 వేల కిలోమీటర్లు ఎగరాలి. రెండు ఊళ్ల మధ్య అతి తక్కువ దూరం సుమారు 14,800 కిలోమీటర్లు. మెసేజ్ "సూటి" అంటున్న దారి 3 వేల కిలోమీటర్లకు పైగా చుట్టు. అంటే తిరుపతి నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లి మళ్లీ తిరుపతికి వచ్చినంత దూరం అదనం.

తప్పంతా పటంలో ఉంది. భూమి గుండ్రం, కాగితం చదును. గుండ్రటి దాన్ని చదును చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మన స్కూళ్లలో ఎక్కువగా కనబడే పటం పద్ధతిని 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఓడలు నడిపేవాళ్ల కోసం తయారు చేశాడు. దిక్సూచి చూపే దిక్కును మార్చకుండా నడిస్తే ఎక్కడికి చేరతామో ఆ పటం మీద సరళరేఖ చెబుతుంది. నావికుడికి అది గొప్ప సౌకర్యం. కానీ దూరాలు కొలవడానికి ఆయన దాన్ని గీయలేదు. ఉత్తరానికి పోయేకొద్దీ అందులో అన్నీ సాగిపోతాయి. ఆ పటంలో గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దగా కనబడుతుంది. నిజానికి గ్రీన్‌లాండ్ వైశాల్యం సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశానిది సుమారు 33 లక్షలు. మనదే ఒకటిన్నర రెట్లు పెద్దది.

రేఖాంశాల సంగతీ అంతే. తిరుపతి దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాటాలంటే సుమారు 108 కిలోమీటర్లు పోవాలి. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే నార్వే, స్వీడన్ అంత పైన, అదే ఒక డిగ్రీకి 56 కిలోమీటర్లు చాలు. ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ ఒకే బిందువులో కలిసిపోతాయి. పటంలో మాత్రం ఈ రేఖల మధ్య ఎడం పైనా కిందా ఒకేలా ఉంటుంది. దాని మీద స్కేలు పెట్టి కొలిస్తే దూరం ఎలా తెలుస్తుంది?

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస తిరుపతి దగ్గర, ఇంకో కొస డాలస్ దగ్గర నొక్కిపట్టి బిగుతుగా లాగండి. దారం ఆఫ్రికా వైపు పోదు, అట్లాంటిక్ వైపు పోదు. నేరుగా పైకి పోతుంది. నల్గొండ పక్కగా, నాగపూర్ మీదుగా, ఉత్తరాఖండ్ దగ్గర హిమాలయాలు దాటి, పశ్చిమ టిబెట్, షిన్‌జియాంగ్, కజక్‌స్థాన్, సైబీరియా మీదుగా సాగుతుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లి, అవతలి వైపు కెనడా మీద దిగి, అమెరికా నడిమధ్య నుంచి టెక్సాస్ చేరుతుంది.

ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. తిరుపతి రేఖాంశం సుమారు 79.5 డిగ్రీల తూర్పు. ఆ రేఖ పట్టుకుని తలెత్తకుండా ఉత్తరానికి నడుస్తూ పోతే, ధ్రువం దాటిన మరుక్షణం 100.5 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంటాం. ఆ రేఖ పశ్చిమ టెక్సాస్ గుండా పోతుంది. డాలస్ 97 డిగ్రీల మీద ఉంది. గ్లోబు మీద డాలస్ మనకు దాదాపు ఎదురుగా, ధ్రువానికి అవతలి పక్కన ఉంది. అందుకే మన ఊరి నుంచి చూస్తే డాలస్ పడమర కాదు, ఉత్తరం. అంటే విమానాలు గ్రీన్‌లాండ్ వైపు ఎందుకు ఎక్కుతాయన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మనవాళ్లు చాలామంది విమానం మారే దుబాయ్ నుంచి డాలస్‌కు అతి దగ్గరి దారి కూడా ఇరాన్, రష్యా, స్కాండినేవియా, గ్రీన్‌లాండ్, కెనడా మీదుగానే పోతుంది. సీటు ముందు తెర మీద అది విల్లులా వంగి కనబడుతుంది. ఆ వంపు తెర మీది పటానిది, విమానానిది కాదు.

"కిలోమీటర్లు పెంచి రేటు పెంచడానికే."

విమాన టికెట్ ఆటో మీటరులా కిలోమీటరుకు ఇంత అని తిరగదు. డాలస్ దూరం జనవరిలోనూ, జూన్‌లోనూ ఒక్కటే. మరి స్కూళ్ల సెలవుల్లో, డిసెంబర్ చివర్లో రేటు ఎందుకు అంత ఎక్కువ? సీట్లకు గిరాకీ ఉన్నప్పుడు రేటు పెరుగుతుంది, లేనప్పుడు తగ్గుతుంది. ఇక దూరం పెంచితే నష్టపోయేది విమాన సంస్థే. బోయింగ్ 777-200 ఎల్ఆర్ లాంటి దూరప్రయాణ విమానం ట్యాంకుల్లో సుమారు 1 లక్షా 81 వేల లీటర్ల ఇంధనం పడుతుంది. బయలుదేరేటప్పుడు ఆ విమానం మోయగల మొత్తం బరువు సుమారు 347 టన్నులు, అందులో నిండు ఇంధనమే 145 టన్నుల దాకా ఉంటుంది. ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనం కాలాలి. అలాంటిది కావాలని వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగే సంస్థ ఏదైనా ఉంటే, దాని వాటాదారులే దాన్ని నిలదీస్తారు.

దుబాయ్‌లో దించడం కూడా చుట్టు తిప్పడం కాదు. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,900 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,900. మొత్తం 15,800 చిల్లర. తిన్నగా ఉన్న దూరం కన్నా వెయ్యి కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. చెన్నై నుంచి లండన్ వెళ్లి అక్కడి నుంచి డాలస్ వెళ్లినా దూరం దాదాపు అంతే వస్తుంది. గల్ఫ్ దారి, లండన్ దారి పటం మీద ఎంతో తేడాగా కనబడతాయి గానీ, గ్లోబు మీద రెండూ సమానం.

మరి మధ్యలో ఆపకుండా ఎందుకు వెళ్లవు? 14,800 కిలోమీటర్లు ఒక్క దూకులో ఎగిరే విమానాలు ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ప్రత్యేకంగా తయారు చేయించిన ఎయిర్‌బస్ ఏ350 ఆపకుండా దాటుతోంది. కానీ అలాంటి విమానం రోజూ నిండాలంటే ఆ రెండు ఊళ్ల మధ్యే అంతమంది ప్రయాణికులు ఉండాలి. దుబాయ్, దోహా లాంటి చోట్ల పది ఊళ్ల నుంచి వచ్చిన ప్రయాణికుల్ని కలిపి ఒక పెద్ద విమానం నింపుతారు. మన రేణిగుంట వాళ్లూ, విజయవాడ వాళ్లూ, కొచ్చి వాళ్లూ అక్కడ ఒకే విమానం ఎక్కుతారు. ఇందులో మోసం ఏమీ లేదు.

"15 వేలను 900తో భాగిస్తే 17 గంటలు కూడా రాదు."

ఈ భాగహారమే అన్నింటికన్నా ఎక్కువమందిని పడగొడుతోంది. అయిదో తరగతి లెక్క కదా, ఎవరైనా చేసుకుని సరిపోయిందనుకుంటారు. కానీ అందులో మూడు పొరపాట్లు ఉన్నాయి.

మొదటిది, 900 అనేది చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం. కింద నేలతో పోల్చే లెక్క వేరు. విమానాలు ఎగిరే 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలుల ప్రవాహాలు ఉంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అవి గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి 1920లలో బెలూన్లు ఎగరేసి వీటిని గమనించాడు. ఆ గాలి వెనక నుంచి తోస్తే 900 వేగంతో ఎగిరే విమానం నేల మీద 1,100 వేగంతో పోతున్నట్టు, ఎదురుగా కొడితే 700 వేగంతోనే పోతున్నట్టు. దూరం మారదు, ప్రయాణ సమయం మాత్రం గంటల తేడాతో మారిపోతుంది.

దీనికి మన దేశం నుంచే మంచి సాక్ష్యం ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లే ఎయిరిండియా విమానం మొదట యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి ముందే చేరుకుంది! పడమరకు పోతే ఎదురుగాలి, తూర్పుకు పోతే వెనకగాలి. పద్నాలుగున్నర గంటల్లో 15,300 కిలోమీటర్లంటే సగటున గంటకు 1,050 పైనే.

తిరుపతి వాళ్లకు ఈ సంగతి కొత్త కాకూడదు. అలిపిరి మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు, కొండెక్కే ఘాట్ రోడ్డు దానికి ఇంచుమించు రెట్టింపు. అయినా కాలినడకన వెళ్లినవాళ్ల కన్నా బస్సులో వెళ్లినవాళ్లు ఎంతో ముందే పైకి చేరతారు. ఏ దారి పొట్టిదో ఒక ప్రశ్న, ఏ దారిలో తొందరగా చేరతామో ఇంకో ప్రశ్న.

రెండోది, గీత మీద కనబడే దారి ఆకాశంలో ఎప్పుడూ తెరిచి ఉండదు. నేను చెప్పిన గ్లోబు దారం పశ్చిమ టిబెట్ మీదుగా పోతుంది. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్లకు పైగా ఎత్తు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గిపోతే పైలట్ వెంటనే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి, ప్రయాణికులు ఊపిరి పీల్చుకోగలిగేది అక్కడే. కింద కొండలు అంతకన్నా ఎత్తులో ఉంటే ఎక్కడికి దిగుతాడు? అందుకే ఆ మీదుగా వీలైనంత వరకు వెళ్లరు. దేశాల మధ్య గొడవలు ఇంకో అడ్డంకి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి అమెరికా, యూరప్ విమాన సంస్థలు రష్యా మీదుగా ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలో, కోపెన్‌హేగన్‌లో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఖతర్ మీద క్షిపణులు పడిన రోజు దాని రాజధాని దోహా గగనతలమే కొన్ని గంటలు మూతపడింది. ఆ రోజు అక్కడ మారాల్సిన మనవాళ్ల తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు.

మూడోది, టికెట్ మీద ఉండే సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పోవడం, వరుసలో ఆగడం, పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోనే. వాటన్నింటిలో వేగం 900 ఉండదు. వీటన్నింటికీ దుబాయ్‌లో కూర్చునే మూడు, నాలుగు గంటలు కలపండి. చెన్నై నుంచి డాలస్ గుమ్మం చేరడానికి 23, 24 గంటలు కావడంలో వింత ఏముంది? మన వాళ్లకు ఇంకొకటి కూడా ఉంది, తిరుపతి నుంచి చెన్నై దాకా సుమారు 135 కిలోమీటర్ల రోడ్డు, దానికి ముందే చేరాలని పెట్టుకునే గంటలు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే ముప్పై గంటలు దాటుతుంది. ఆ లెక్క మెసేజ్‌లో లేదు.

"భూమి తూర్పుకు తిరుగుతోంది, అమెరికా మనకు ఎదురొస్తుంది."

ఇది చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్న మాట, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. తిరుపతి అక్షాంశం దగ్గర నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. మెసేజ్ చెప్పేదే నిజమైతే, రేణిగుంటలో ఒక హెలికాప్టర్ పైకి లేచి గంటసేపు కదలకుండా నిలబడి దిగితే, అది అరేబియా సముద్రం నడుమ దిగాలి. ఎక్కడ లేచిందో అక్కడే దిగుతుందని అందరికీ తెలుసు. ఇంకా చెప్పాలంటే బెంగళూరు నుంచి చెన్నైకి వెళ్లే విమానం ఎప్పటికీ చేరకూడదు. చెన్నై 1,600 వేగంతో తూర్పుకు పరిగెత్తిపోతుంటే 900 వేగంతో వెంటపడి ఎలా అందుకుంటుంది? అయినా ఆ విమానం గంటలోపే చేరుతోంది.

కారణం ఏమిటంటే, భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది. రన్‌వే మీద నిలబడి ఉన్న విమానానికి అప్పటికే ఆ 1,620 వేగం ఉంది. గాలిలోకి లేచినంత మాత్రాన అది పోదు. విమానం ఎగిరేది నేలతో పాటు తిరుగుతున్న ఆ గాలిలోనే.

భూమి తిరగడానికీ విమాన సమయానికీ అసలు సంబంధమే లేదని మాత్రం అనను. సంబంధం ఉంది, కానీ మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడి, ధ్రువం దగ్గర చలి. ఈ తేడా వల్ల పై ఎత్తుల్లో గాలి వేడి వైపు నుంచి ధ్రువం వైపు కదలబోతుంది. భూమి తిరుగుతూ ఉండటం వల్ల ఆ గాలి పక్కకు మళ్లి తూర్పు ముఖం పడుతుంది. జెట్ స్ట్రీమ్ పుట్టేది ఇలాగే. అంటే భూమి తిరగడం వల్ల లాభపడేది తూర్పుకు వెళ్లే విమానం. పడమరకు వెళ్లేదానికి అది ఎదురుగాలి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల వేళ న్యూయార్క్ నుంచి తూర్పుకు లండన్ వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 5 గంటల లోపే, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో నేల మీద లెక్కకు గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. లండన్ నుంచి న్యూయార్క్‌కు, అంటే పడమరకు, మామూలుగా ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. దుబాయ్, డాలస్ మధ్య కూడా వెళ్లేటప్పుడు సుమారు 16 గంటలైతే వచ్చేటప్పుడు సుమారు పద్నాలుగున్నర.

"వెళ్లేటప్పుడు 12 గంటలు, వచ్చేటప్పుడు 33 గంటలు."

ముందే 24 గంటలు ఎందుకని అడిగినవాళ్లే ఇక్కడ 12 గంటలంటున్నారు. రెండూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి, రాసినవాళ్లకు అది కనబడలేదు.

టికెట్ మీద బయలుదేరే టైమ్ ఆ ఊరి గడియారంలో ఉంటుంది, చేరే టైమ్ చేరిన ఊరి గడియారంలో ఉంటుంది. మన దేశమంతటికీ ఒకే టైమ్. దాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు, ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది. డాలస్ గడియారం చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, వేసవిలో పదిన్నర గంటలు వెనక. చలికాలంలో చెన్నైలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగారనుకుందాం. కాగితం మీద 12 గంటలు. నిజంగా గడిచింది దానికి పదకొండున్నర కలిపితే ఇరవై మూడున్నర గంటలు. తిరుగు ప్రయాణంలో డాలస్‌లో శనివారం సాయంత్రం 6 గంటలకు ఎక్కి చెన్నైలో సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు దిగితే కాగితం మీద 33 గంటలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే ఇరవై ఒకటిన్నర. మెసేజ్ దేన్ని ఎక్కువ అంటోందో ఆ ప్రయాణమే నిజానికి రెండు గంటలు తక్కువ.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. మా వీధిలో ఒక పెద్దాయన ఈ మెసేజ్ చూపించి, "పన్నెండు గంటలే కదా సార్, ఒక పూట మాత్రలు చేతిలో పెట్టుకుంటే చాలదా? మిగతావి పెద్ద పెట్టెలో వేసేస్తాం" అన్నారు. ఆయన, ఆయన భార్య ఇద్దరికీ షుగర్. ఒక పూట మాత్రలతో ఇరవై నాలుగు గంటల ప్రయాణం, పైగా పెట్టె ఆలస్యంగా వస్తే ఇంకో రోజు. మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, కనీసం కొన్ని రోజులకు సరిపడా, డాక్టర్ రాసిచ్చిన చీటీతో సహా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు టికెట్‌లో ఉన్న మొత్తం ప్రయాణ సమయం చూపించి, ఏ డోసు ఎప్పుడో బయలుదేరే ముందే తమ డాక్టర్‌ను అడిగి రాయించుకోవాలి. అడగాల్సింది "ఎన్నింటికి దిగుతాం" అని కాదు, "మొత్తం ఎన్ని గంటలు" అని. చాలా టికెట్లలో ఆ అంకె విడిగా ఉంటుంది.

"ధ్రువం దగ్గర అయస్కాంతం లాగేస్తుంది."

విమానాన్ని లాగేసేంత అయస్కాంతం భూమికి లేదు. బల్ల మీద పడి ఉన్న గుండుసూదిని కూడా భూమి అయస్కాంతం కదిలించలేదు. అయస్కాంత ధ్రువం దగ్గర దిక్సూచి ముల్లు నమ్మదగినది కాదన్నది మాత్రం నిజం. విమానాలు అక్కడ ముల్లు మీద ఆధారపడవు, ఉపగ్రహాలూ, విమానంలోని సొంత పరికరాలూ దారి చెబుతాయి. అక్కడ పైలట్లు నిజంగా కనిపెట్టుకునేది చలిని. విమాన ఇంధనం సున్నా కన్నా నలభై, నలభై ఏడు డిగ్రీలు తక్కువకు పోతే గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి ట్యాంకుల వేడి చూసుకుంటూ ఉంటారు. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తన తొలి నాన్‌స్టాప్ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చింది. సుమారు 17 గంటల ఆ ప్రయాణంలో కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ ముందుండి నడిపారు, ఆమెతో పాటు కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. చిత్తూరు నుంచి మూడు, నాలుగు గంటల్లో చేరే విమానాశ్రయంలో ధ్రువం దాటి వచ్చిన విమానం దిగింది. అటు ఎవరూ వెళ్లరన్న మాట అక్కడితో సరి.

"గంటలో మారిపోయే టికెట్ అడగండి."

దయచేసి అడగకండి. దుబాయ్, దోహా లాంటి చోట్ల ఒక గేటు నుంచి ఇంకో గేటుకే చాలా దూరం నడవాలి, మధ్యలో మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే గంటలో మిగిలేది ఏముంది? పెద్దవాళ్లకు మూడు, నాలుగు గంటల వ్యవధి ఉన్న టికెట్ మంచిది. బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడిగితే ఒక మనిషి తోడుండి గేటు దాకా తీసుకెళ్తారు, అందులో నామోషీ పడాల్సింది ఏమీ లేదు.

ఇంకో తేడా కూడా టికెట్ కొనేముందు చూడాలి. గల్ఫ్ నుంచి నేరుగా డాలస్‌లో దిగే విమానమైతే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ డాలస్‌లోనే, బయట పిల్లలు ఎదురుచూస్తుంటారు. అదే న్యూయార్క్‌లోనో, చికాగోలోనో దిగి అక్కడి నుంచి డాలస్ వెళ్లే టికెట్ అయితే, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. లగేజీ తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి, తర్వాతే రెండో విమానం. ఆ పని గంటలో అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే తల్లిదండ్రుల్ని ఒంటరిగా పంపేటప్పుడు కాస్త డబ్బు ఎక్కువైనా మొదటి రకం టికెట్టే కొనమని పిల్లలకు చెప్పండి. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట అటూ ఇటూ జరుపుతారు. ఆ వారాల్లో ప్రయాణమైతే విమానం టైమ్‌ను బయలుదేరే ముందు రోజు మరొకసారి సరిచూసుకోండి.